నడుమ వచ్చి నిలబెట్టిన చేయి: బౌలర్ గులాం అహ్మద్

హైదరాబాదు నుండి చేవెళ్లకు పోవు బాటలో మొయినాబాదు పరిసరములందు నేడు అనేక క్రికెట్టు మైదానములు వెలసినవి. ఒకప్పుడు జొన్నచేలు, కూరగాయల మళ్లు మాత్రమే కనబడిన నేలలో ఆదివారము వచ్చినచో నగరోద్యోగులు, చుట్టుపట్ల గ్రామముల యువకులు జట్లుగా చేరి ఆడుచుందురు. ఏ జట్టును చూచినను ఒక సంగతి సమానముగా నుండును. క్రొత్త బంతితో మొదటి ఓవరు వేయుటకు నలుగురు ముందుకు వత్తురు. బంతి పాతబడి, మెరుగు పోయి, ఎదుటి బ్యాట్స్‌మన్లు ఇద్దరును కుదురుకొని, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ “ఇప్పుడెవరు వేయుదురు?” అని కెప్టెను అడిగినచో మాత్రము చాలమంది బూటుతాడు సవరించుకొనుటకు వంగుదురు. ఆ వేళ చేయి చాచి బంతి నందుకొను వానిని గూర్చియే ఈ ప్రసంగము.

అట్టివారిలో మన ప్రాంతమునకు మిక్కిలి పేరు తెచ్చినవాడు గులాం అహ్మద్. ఆయన హైదరాబాదులో పుట్టి, హైదరాబాదు పక్షముననే ఆడి, భారత జట్టునకు నాయకత్వము కూడ వహించెను. ఐనను ఆయన పేరు నేటి పిల్లలలో చాలమందికి తెలియదు. దీనికి కారణము ఆయన ప్రతిభలో లేదు. ఆయన చేసిన పని స్వభావములో ఉన్నది. ఆ స్వభావము బోధపడవలెనన్నచో ముందుగా మరొక దేశపు ఆటను కొంత పరికించుట మంచిది.

అమెరికావారి బేస్‌బాలు ఆటలో జట్టుకు తొమ్మండుగురు. ఆట మామూలుగా తొమ్మిది ఇన్నింగ్సులు సాగును. బంతి విసరువానిని పిచ్చర్ అందురు. మన క్రికెట్టులో ఒక ఓవరు ఒకరు, మరుసటి ఓవరు మరొకరు వేయుదురు. అక్కడ అట్లు గాదు. ఆట నారంభించిన పిచ్చర్ అలసిపోవు వరకు, లేదా దెబ్బతిను వరకు తానొక్కడే విసరుచుండవలెను. అతనిని ఒకసారి ఆట నుండి తప్పించినచో ఆనాడు మరల లోనికి వచ్చుటకు వీలులేదు. అతని స్థానమున వచ్చువాడే ‘రిలీఫ్ పిచ్చర్’, అనగా ఆదుకొను పిచ్చర్. అతడు మైదానపు అంచున ‘బుల్‌పెన్’ అను చోట వేచియుండును. బుల్‌పెన్ అనగా ఆబోతుల దొడ్డి. పిలుపు వచ్చు వరకు చేయి వేడిచేసికొనుచు, ఆటను దూరము నుండి చూచుచుండుటయే అతని పని. పిలుపు వచ్చునది సాధారణముగా కష్టకాలముననే. ఎదుటి జట్టు ఆటగాండ్రు అప్పటికే బేసులపై నిలిచియుందురు. ముందటివాడు చేసిపోయిన అప్పును తీర్చుటకు వచ్చినవాని వలె ఇతడు నడిచి వచ్చి మొదటి బంతి నుండియే గురి తప్పక విసరవలెను.

తొలిరోజులలో ఈ పనికి పెద్ద గౌరవము లేదు. మొదటినుండి విసరుటకు తగినంత శక్తి లేనివాడే ఆదుకొనువాడుగా మిగులునని భావించెడివారు. కాలక్రమమున అభిప్రాయము మారినది. 1969లో అమెరికా మేజర్ లీగులు ‘సేవ్’ అను ఒక లెక్కను అధికారికముగా పట్టికలలో చేర్చినవి. తన జట్టు స్వల్ప ఆధిక్యములో ఉన్నప్పుడు వచ్చి, ఆ ఆధిక్యము చేజారకుండ ఆట ముగించినవాని పేరున ఈ ‘సేవ్’ జమ యగును. 1985లో హోయ్ట్ విల్హెల్మ్ అను ఆదుకొను పిచ్చరును ఆ దేశపు కీర్తిమందిరములో చేర్చుకొనిరి. ప్రధానముగా ఈ పని చేసినవానికి ఆ గౌరవము దక్కుట అదియే మొదలు.

ఈ విద్యలో శిఖరము నందుకొన్నవాడు మరియానో రివేరా. ఇతడు 1969లో పనామా దేశమున పుట్టెను. తండ్రి చేపల పడవమీద పనిచేసెడివాడు. బాల్యమున అట్టపెట్టెలతో చేసిన చేతితొడుగులతో బంతి పట్టుట నేర్చుకొనెను. 1995లో న్యూయార్కు యాంకీస్ జట్టులో ఆట నారంభించు పిచ్చరుగా ప్రవేశించి, మరుసటి ఏట ఆదుకొనువాడుగా మారెను. 2013లో విరమించునాటికి అతని ఖాతాలో 652 ‘సేవ్’లు జమయైనవి. 2019లో కీర్తిమందిరమునకు ఎన్నిక జరిగినప్పుడు ఓటు వేసిన 425 మందియు అతని పేరే వ్రాసిరి. అంతకుముందు ఎవరికిని అట్టి ఏకగ్రీవము లభించలేదు. ఇంతటివాడు సైతము 2001 ప్రపంచ సిరీసు చివరి ఆటలో, చివరి ఇన్నింగ్సులో విజయమును చేజార్చుకొనెను. ఆదుకొనువాని వృత్తిలో ఇది యొక కఠినమైన నియమము. నిలబెట్టిన నూరు ఆటలు లోకము మరచిపోవును. కూలిన ఒక్క ఆట కన్నులకు కట్టియుండును.

ఇక మన క్రికెట్టునకు వత్తము. ఇక్కడ బౌలరును తప్పించినను మరల పిలువవచ్చును. ఆ విషయమున మన ఆట కొంత దయగలది. కాని ఆదుకొనవలసిన అవసరము మాత్రము తక్కువ కాదు. క్రొత్త బంతి గట్టిగా, నునుపుగా నుండును. దాని కుట్టు ఎత్తుగా నుండుటచేత వేగముగా వేయువారికి అది అనుకూలము. ఇరువది, ముప్పది ఓవర్లు గడచునప్పటికి మెరుగు పోవును, కుట్టు అణగును. అంతట వేగము వేయువారి పదును తగ్గును. మరల క్రొత్త బంతి లభించుటకు ఇంకను చాల సమయముండును. ఈ నడిమి కాలమే ఆటలో పెద్ద భాగము. దానిని మోయువాడు స్పిన్ బౌలర్.

గులాం అహ్మద్ వేసినది ఆఫ్ స్పిన్. చూపుడు వేలు, నడిమి వేలు కుట్టుమీద వెడల్పుగా పట్టి, బంతిని వదలునప్పుడు తాళపుచెవిని కుడివైపునకు త్రిప్పినట్లు త్రిప్పవలెను. బంతి నేలను తాకిన పిదప కుడిచేతి బ్యాట్స్‌మను ఆఫ్ ప్రక్క నుండి కాలివైపునకు తిరిగి లోనికి వచ్చును. చూచుటకు ఇది సులభమైన విద్య. కాని కుడిచేతి బ్యాట్స్‌మనుకు లోనికి వచ్చు బంతి సహజముగా అనుకూలమే. కనుక త్రిప్పుట ఒక్కటియే చాలదు. బంతికి గాలిలో ఎత్తునిచ్చి, అది పడుచోటును బ్యాట్స్‌మను తప్పుగా అంచనా వేయునట్లు చేయవలెను. ఒకమారు కొంచెము ముందు, ఒకమారు కొంచెము వెనుక పడవలెను. అన్ని బంతులును ఒక్క తీరుననే చేయి విడచినట్లు కనబడవలెను. గులాం అహ్మద్ పొడగరి. చేయి పైకెత్తి ఎత్తునుండి వదలుటచేత ఆయన బంతి నేలను తాకి బ్యాట్స్‌మను అనుకొన్నదానికన్న ఎత్తుగా లేచెడిది.

ఆయన 1922 జూలై 4వ తేదీన హైదరాబాదులో జన్మించెను. అవి నిజాం పరిపాలనా దినములు. నగరములో క్రికెట్టునకు రాజాదరణ, జాగీర్దారుల పోషణ కలదు. 1930ల ఆరంభమున మొదలైన మొయినుద్దౌలా గోల్డు కప్పు పోటీలకు దేశపు మేటి ఆటగాండ్రు హైదరాబాదు వచ్చి ఆడెడివారు. ఊరి కుర్రవాండ్రకు పెద్ద ఆటను కన్నులార చూచు అవకాశము ఆ విధముగా లభించినది. గులాం అహ్మద్ 1939–40లో, పదునేడేండ్ల ప్రాయమున, రంజీ ట్రోఫీలో హైదరాబాదు జట్టులో చేరెను.

అచ్చటి నుండి భారత జట్టులోనికి అడుగిడుటకు ఆయనకు తొమ్మిదేండ్లు పట్టినది. దీనిలో కొంత కాలదోషము. రెండవ ప్రపంచ యుద్ధము వలన 1936 తరువాత 1946 వరకు భారతదేశము ఒక్క టెస్టు కూడ ఆడలేదు. యుద్ధానంతరము 1946లో ఇంగ్లండునకు, 1947–48లో ఆస్ట్రేలియాకు వెళ్లిన జట్లలో ఆయనకు చోటు దొరకలేదు. బౌలరుకు పదునెనిమిది మొదలు ఇరువదియారు వరకు గల వయస్సు బంగారము వంటిది. ఆ కాలమంతయు ఆయన రంజీ పోటీలలో, స్థానిక పోటీలలో బంతి వేయుచు వేచియుండెను. అమెరికాలో బుల్‌పెన్ ఆవరణము కొన్ని గజముల చోటు. ఈయన దొడ్డిలో వేచినది తొమ్మిది సంవత్సరములు.

పిలుపు 1948 డిసెంబరు 31వ తేదీన వచ్చెను. వెస్టిండీసుతో కలకత్తా ఈడెన్ గార్డెన్సులో మూడవ టెస్టు ఆనాడు మొదలయ్యెను. ఎదుట నిలిచినవాడు ఎవర్టన్ వీక్స్. ఆ ఆటలో అతడు 162, 101 పరుగులు చేసి, వరుసగా ఐదు టెస్టు ఇన్నింగ్సులలో ఐదు శతకములను పూర్తిచేసెను. అంతటివాడు విజృంభించిన ఇన్నింగ్సులోనే గులాం అహ్మద్ 94 పరుగులిచ్చి 4 వికెట్లు పడగొట్టెను. ఆ తరువాత ఆయన బౌలింగును ఎవరును చిన్నచూపు చూడలేదు.

ఆయన ఓర్పునకు కొలబద్ద ఏదియని అడిగినచో మేము ఒక్క అంకెల వరుసను చూపుదుము: 92.3 – 21 – 245 – 4. ఇది 1950–51లో ఇందూరున హోల్కర్ జట్టు ఆడిన ఒక ఇన్నింగ్సులో ఆయన బౌలింగు లెక్క. సి. కె. నాయుడు నాయకత్వమున పేరుగాంచిన హోల్కర్ జట్టు ఆ కాలమున దేశములోని బలిష్ఠమైన జట్లలో ఒకటి. మొదటి అంకె ఓవర్లు. 92 ఓవర్లు, పైన మూడు బంతులు. అనగా 555 బంతులు. ఒకే ఇన్నింగ్సులో అన్ని బంతులు అంతకుముందు మేటి తరగతి క్రికెట్టులో ఎవరును వేసియుండలేదు. 1957లో ఇంగ్లండులో వెస్టిండీసు బౌలర్ సన్నీ రామదీన్ 588 బంతులు వేసి ఆ రికార్డును దాటెను.

ఈ అంకెలను రెండు విధములుగ చదువవచ్చును. 245 పరుగులిచ్చి నాలుగే వికెట్లు తీసెనని ఒక పఠనము. అది నిజమే. రెండవ పఠనము వేరు. తన జట్టు నిస్సహాయమైన స్థితిలో ఉండగా, గెలుపు మాట అటుంచి ఇన్నింగ్సు ఎప్పుడు ముగియునో తెలియక ఉండగా, ఒక మనుష్యుడు ఒక కొసనుండి తొంబదిరెండు ఓవర్లు వేసి, ఓవరుకు మూడు పరుగులు కూడ ఈయలేదు. వానిలో 21 ఓవర్లలో ఒక్క పరుగు కూడ రాలేదు. అట్టి ఓవరును మెయిడెన్ అందురు. ఆయన నిలబడకపోయినచో ఆ పని మరెవరో చేయవలసి వచ్చెడిది. ఈ రెండవ పఠనమునకు క్రికెట్టు పట్టికలో ప్రత్యేకమైన గడి లేదు.

1952వ సంవత్సరము ఆయన జీవితమున నిండైన సంవత్సరము. ఫిబ్రవరిలో మద్రాసు టెస్టున భారత జట్టు ఇంగ్లండును ఒక ఇన్నింగ్సు, 8 పరుగుల తేడాతో ఓడించెను. భారతదేశమునకు అది మొట్టమొదటి టెస్టు విజయము. ఆ విజయమును తలచిన ప్రతివారును వినూ మన్కడ్ పేరు చెప్పుదురు. న్యాయమే, ఆయన ఆ ఆటలో 12 వికెట్లు తీసెను. కాని ఇంగ్లండు రెండవ ఇన్నింగ్సు 183 పరుగులకు ముగిసినప్పుడు వికెట్లను పంచుకొన్నదెవరో చూడవలెను. మన్కడుకు 4, గులాం అహ్మదుకు 4. ఒక కొసనుండి మన్కడ్ వేయుచుండగా రెండవ కొసను వదలివేసియున్నచో బ్యాట్స్‌మన్లు అటు పారిపోయి ఊపిరి తీసికొనెడివారు. ఆ దారిని గులాం అహ్మద్ మూసెను.

అదే ఏట వేసవిలో భారత జట్టు ఇంగ్లండు వెళ్లెను. మొదటి టెస్టు లీడ్సు నగరమున జూనులో జరిగెను. మన్కడ్ అప్పటికి అచ్చటి లీగు క్రికెట్టు ఒప్పందములో ఉండుటచేత ఆ ఆటకు లేడు. భారము గులాం అహ్మద్ భుజములమీద పడెను. 63 ఓవర్లు, 24 మెయిడెన్లు, 100 పరుగులు, 5 వికెట్లు. అది ఆయన లెక్క. ఇంగ్లండు 334 పరుగులకు ఆగినది. ఆధిక్యము 41 పరుగులు మాత్రమే. అనగా ఆట చేతిలోనే ఉన్నది. కాని భారత రెండవ ఇన్నింగ్సు ఆరంభమున ఫ్రెడ్ ట్రూమన్, అలెక్ బెడ్సర్‌ల ధాటికి ఒక్క పరుగు కూడ రాకముందే నాలుగు వికెట్లు కూలిపోయినవి. ఆ ‘సున్నకు నాలుగు’ చరిత్రలో నిలిచినది. దానికి ముందు రోజులలో గులాం అహ్మద్ పడిన శ్రమను దాని నీడ కప్పివేసినది. ఆ పర్యటన మొత్తములో ఆయన 80 వికెట్లు తీసెను.

అక్టోబరులో పాకిస్తాను తన మొదటి టెస్టు ఆడుటకు ఢిల్లీ వచ్చెను. ఇక్కడ గులాం అహ్మద్ బంతితో గాక బ్యాటుతో ఆదుకొనెను. తొమ్మిది వికెట్లు పోయిన పిమ్మట చివరివాడుగా వచ్చి హేము అధికారికి తోడు నిలిచి 50 పరుగులు చేసెను. ఆయన టెస్టు జీవితమున అదియే అత్యధికము. ఆ చివరి వికెట్టుకు వారిద్దరును చేర్చినవి 109 పరుగులు. భారత జట్టు పక్షమున ఆ రికార్డు 2004లో సచిన్ టెండూల్కర్, జహీర్ ఖాన్ దాటు వరకు, అనగా ఏబదిరెండేండ్లు నిలిచినది. ఆ టెస్టును భారతదేశము ఒక ఇన్నింగ్సు, 70 పరుగులతో గెలిచెను. ఇక్కడ కూడ మన్కడ్ 13 వికెట్లు తీసెను. పేరు ఆయనకే వెళ్లెను.

ఆ దశాబ్దమున భారత స్పిన్ బౌలింగు మూడు స్తంభములపై నిలిచినది. ఎడమచేతి స్పిన్నర్ మన్కడ్, లెగ్ స్పిన్నర్ సుభాష్ గుప్తే, ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్. మన్కడుకు 162 టెస్టు వికెట్లు, గుప్తేకు 149, గులాం అహ్మదుకు 22 టెస్టులలో 68. మూడవ అంకె చిన్నదిగా కనబడును. కాని మరొక లెక్క చూడుడు. టెస్టులలో ఆయన ఓవరుకు ఇచ్చినది సగటున రెండు పరుగుల పైచిల్లర మాత్రమే. ఒక కొసన పరుగులు రానప్పుడు బ్యాట్స్‌మను రెండవ కొసన సాహసము చేయును. సాహసము చేసినవాడు తప్పు చేయును. ఆ తప్పు వలన పడిన వికెట్టు రెండవ కొస బౌలరు ఖాతాలో జమయగును. ఇది మా ఊహ కాదు. క్రికెట్టు నెరిగిన ఏ కెప్టెను నడిగినను ఇదే చెప్పును.

1955 నవంబరులో హైదరాబాదు నగరమున మొదటి టెస్టు జరిగెను. వేదిక ఫతే మైదాన్, నేటి లాల్ బహదూర్ శాస్త్రి స్టేడియము. ఎదుటి జట్టు న్యూజీలాండు. భారత జట్టు నాయకుడు గులాం అహ్మద్. తన ఊరిలో జరిగిన తొలి టెస్టునకు తానే నాయకుడగుట అరుదైన భాగ్యము. ఆ ఆటలో పాలీ ఉమ్రిగర్ చేసిన 223 పరుగులు భారత టెస్టు చరిత్రలో మొదటి ద్విశతకము. కృపాల్ సింగ్ తన తొలి టెస్టులోనే శతకము చేసెను. గుప్తే 7 వికెట్లు తీసెను. ఆట సమానముగా ముగిసెను. తరువాతి టెస్టులకు నాయకత్వము ఉమ్రిగర్‌కు వెళ్లినది. దూరదర్శనము లేని ఆ దినములలో మైదానమునకు పోలేనివారికి టెస్టు ఆట అనగా రేడియో పెట్టె, మరునాటి పత్రిక మాత్రమే. దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసిన పిమ్మట మన కేంద్రపు శ్రోతలు కూడ ఆ దేశవ్యాప్త శ్రోతృలోకములో భాగమైరి.

గులాం అహ్మద్ బౌలింగునకు పతాకము 1956 నవంబరులో ఎగిరినది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అవతరించిన మరునాడు, నవంబరు 2వ తేదీన, కలకత్తాలో ఆస్ట్రేలియాతో మూడవ టెస్టు ఆరంభమయ్యెను. ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్సు 177 పరుగులకు కూలినది. గులాం అహ్మద్ 49 పరుగులిచ్చి 7 వికెట్లు తీసెను. రెండవ ఇన్నింగ్సులో మరి మూడు. మొత్తము ఆటలో 130 పరుగులకు 10 వికెట్లు. కాని భారత జట్టు రెండు ఇన్నింగ్సులలోను 136 పరుగులకే ఔటయ్యెను. ఆస్ట్రేలియా లెగ్ స్పిన్నర్ రిచీ బెనో 11 వికెట్లు తీసెను. 94 పరుగుల తేడాతో ఆట పోయినది. తన జీవితములో కెల్ల గొప్ప బౌలింగు చేసిన ఆటలో ఆయనకు దక్కినది ఓటమి. బౌలరు తన పని పరిపూర్ణముగ చేయవచ్చును, ఫలితము పదునొకండుగురి చేతులలో ఉండును.

1958–59లో వెస్టిండీసు జట్టు వచ్చినప్పుడు కాన్పూరు, కలకత్తా టెస్టులకు నాయకత్వము మరల ఆయనకు లభించెను. అది భారత క్రికెట్టునకు చీకటి కాలము. ఆ ఒక్క సిరీసులో ఐదు టెస్టులకు నలుగురు నాయకులు మారిరి. కాన్పూరులో గుప్తే ఒకే ఇన్నింగ్సులో 9 వికెట్లు తీసినను ఆట 203 పరుగులతో పోయెను. కలకత్తాలో రోహన్ కన్హాయ్ 256 పరుగులు చేసెను. వెస్టిండీసు 5 వికెట్లకు 614 పరుగులు చేసి, ఇన్నింగ్సు, 336 పరుగుల తేడాతో గెలిచెను. ఆ టెస్టు మొదలైన తేదీ 1958 డిసెంబరు 31. సరిగా పదేండ్ల క్రిందట, అదే తేదీన, అదే మైదానమున, అదే దేశపు జట్టుతో ఆయన టెస్టు జీవితము మొదలైనది. అచ్చటనే ముగిసినది. ఆ తరువాత ఆయన టెస్టు ఆడలేదు.

అప్పటికి మేటి తరగతి క్రికెట్టులో ఆయన సంపాదించినవి 98 ఆటలలో 407 వికెట్లు, సగటు 22.57 పరుగులు. కాని ఆదుకొను అలవాటు ఆటతో పోలేదు. హైదరాబాదు క్రికెట్టు సంఘ నిర్వహణలో చాలకాలము బాధ్యత వహించెను. 1975 నుండి 1980 వరకు భారత క్రికెట్టు నియంత్రణ మండలి కార్యదర్శిగా నుండెను. 1983లో ఇంగ్లండునకు వెళ్లి ప్రపంచ కప్పు గెలిచిన కపిల్ దేవ్ జట్టు నెన్నుకొన్న సంఘమునకు అధ్యక్షుడు గులాం అహ్మద్. ఆ జట్టులో పదునలుగురి పేర్లు చెప్పగలవారు మన ఇండ్లలో చాలమంది కలరు. ఆ పేర్లను కాగితముమీద ఉంచిన సంఘమునకు పెద్ద ఎవరని అడిగినచో జవాబు చెప్పువారు తక్కువ. ఆయన 1998 అక్టోబరు 28వ తేదీన హైదరాబాదులోనే కన్నుమూసెను.

ఆయన నాటిన విత్తనము వ్యర్థము కాలేదు. హైదరాబాదు ఆ పిదప కూడ ఆఫ్ స్పిన్నర్లను దేశమునకిచ్చుచు వచ్చినది. శివలాల్ యాదవ్ 35 టెస్టులలో 102 వికెట్లు తీసెను. అర్షద్ అయూబ్ 13 టెస్టులలో 41 వికెట్లు తీసెను. ఆయన బంధువర్గములోను ఆట తరతరములకు పాకినది. హైదరాబాదులో పుట్టి, 1961లో పాకిస్తానునకు వెళ్లి, ఆ దేశపు జట్టునకు నాయకుడైన ఆసిఫ్ ఇక్బాల్ ఆయనకు దగ్గరి బంధువు. టెన్నిసులో ప్రపంచఖ్యాతి గడించిన సానియా మీర్జా కూడ ఆ బంధుకోటిలోనిదే. ఆమె 2013లో తన టెన్నిసు శిక్షణాలయమును నెలకొల్పినది మొయినాబాదు మండలములోని ముర్తుజగూడ గ్రామమున. ఫతే మైదానమున మొదలైన ఒక కుటుంబపు క్రీడాసంప్రదాయము చేవెళ్ల బాటను పట్టి మన పల్లెల నడుమకు వచ్చి చేరినదని దీని అర్థము. అచ్చటి బాలబాలికలు పట్టుకొనునది టెన్నిసు రాకెట్టు కావచ్చును. అలసిన చేయితో మరొక బంతి కొట్టవలసిన క్షణము మాత్రము అన్ని ఆటలలోను ఒక్కటియే.

అమెరికావారు 1969లో ఆదుకొనువాని కొరకు ఒక గడిని పట్టికలో గీసిరి. ఆ గడి లేనియెడల రివేరాకు 652 అను అంకె ఉండెడిది కాదు. అంకె లేనియెడల 425 ఓట్లును ఉండెడివి కావేమో. మన ఆటలో అట్టి గడి నేటికిని లేదు. కనుక ఆ పని శ్రోతలే చేయవలెను. రేడియోలో బౌలింగు లెక్క చదువునప్పుడు మనమందరము చివరి అంకె కొరకు, అనగా వికెట్ల కొరకు, చెవి యొగ్గుదుము. ఇకమీదట మొదటి రెండంకెలను కూడ ఆలకింపుడు. ఓవర్లు ఎన్ని, మెయిడెన్లు ఎన్ని? ముప్పది ఓవర్లు వేసి, పది మెయిడెన్లిచ్చి, ఒకే వికెట్టు తీసినవాని పేరు వినబడినచో తొందరపడి త్రోసివేయవలదు. ఆ ఎండలో ఆ కొసను ఎవరో ఒకరు పట్టుకొనియుండుట చేతనే రెండవ కొసన వికెట్లు పడినవని గ్రహింపుడు.

మన ఇండ్లలో, పొలములలో, కార్యాలయములలో కూడ ఇట్టివారు కలరు. ఆరంభోత్సవమునాడు పూలదండ పడునది ఒకరి మెడలో, సమాప్తినాడు చప్పట్లు అందుకొనునది మరొకరు. నడుమ రోజులను మోసినవాని పేరు ఆహ్వానపత్రికలో ఉండదు. గులాం అహ్మద్ వేసిన 555 బంతులకు ఏ కప్పును రాలేదు. కాని ఆ 555వ బంతిని కూడ ఆయన మొదటి బంతివలెనే చేయి పైకెత్తి, వ్రేళ్లతో త్రిప్పి వేసియుండునని ఆయన జీవితమును చదివినవారికి సందేహము కలుగదు.